బ్రౌవర్‌ని అన్నాలెన్ నుంచి తీసేయడం న్యాయమేనా?

నల్లబోర్డు:
నిన్న ఎమ్మెస్సీ పిల్లలకి బ్రౌవర్ ఫిక్స్‌డ్ పాయింట్ సిద్ధాంతం చెబుతుంటే ఒకమ్మాయి లేచి, "సార్, ఈయన్ని హిల్బర్ట్ ఏదో పత్రిక నుంచి గెంటేశాడట, ఎందుకు?" అనడిగింది. గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను. ఇక్కడ తేల్చుకుందాం.

తెలియనివాళ్ల కోసం: మాథమాటిషె అన్నాలెన్ 1868లో క్లెబ్ష్, నోయ్‌మన్ మొదలుపెట్టిన జర్మన్ గణిత పత్రిక. క్లైన్ దాన్ని పెంచి పెద్ద చేశాడు, తర్వాత మరో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ చేతికొచ్చింది. 1928లో అట్ట మీద ముఖ్య సంపాదకులు నలుగురు: హిల్బర్ట్, ఐన్‌స్టైన్, బ్లూమెంటాల్, కారతెయొడోరి. వాళ్ల కింద ఇంకొందరు సంపాదకులు. 1914లో చేరిన డచ్ గణితవేత్త బ్రౌవర్ వాళ్లలో ఒకడు. ఆ ఏడాది అక్టోబరులో, ఇకమీదట మీ పేరు ఉండదని హిల్బర్ట్ ఆయనకి ఉత్తరం పంపాడు. అది అన్యాయమని నా ఉద్దేశం.

శేషం సున్నా:
అన్యాయం ఏముంది మాస్టారూ? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920, 1924 గణిత మహాసభలకి జర్మన్లని రానివ్వలేదు. 1928లో బొలోన్యా సభకి పిలుపు వస్తే, వెళ్లొద్దని ప్రచారం చేసింది ఎవరు? బెర్లిన్ గణితవేత్త బీబర్‌బాఖ్, ఆయనతోపాటు మీ బ్రౌవర్. జర్మన్లకి లేని రోషం ఈ డచ్చాయనకెందుకో! హిల్బర్ట్ ఒంట్లో బాగోకపోయినా జర్మన్లని వెంటబెట్టుకుని వెళ్లాడు. అంతకుముందు జర్మన్ గణితవేత్త రీమన్ శతజయంతి సంచిక వేద్దామన్నప్పుడు కూడా, పాన్‌లెవె లాంటి ఫ్రెంచివాళ్లని పిలవడానికి వీల్లేదని బ్రౌవరే అడ్డం పడ్డాడు. పైగా పరిశీలించమని ఇచ్చిన పేపర్లు నెలల తరబడి ఆయన దగ్గరే ఉండిపోయేవని ఫిర్యాదులు. ఇలాంటి మనిషితో పత్రిక ఎలా నడుస్తుంది?

గోదారి గట్టు:
ఇదంతా పైపైన అండీ. అసలు గొడవ లాజిక్‌ది. ఏ ప్రతిపాదనైనా నిజమో అబద్ధమో ఏదో ఒకటి అయి తీరాలన్న నియమాన్ని, అనంత సమితుల దగ్గర, బ్రౌవర్ ఒప్పుకోడు. అది లేకపోతే హిల్బర్ట్ రుజువులు సగం కూలిపోతాయి. ఊరుకుంటాడా?

నల్లబోర్డు:
గోదారి గట్టు గారూ, లైబ్రరీలో అన్నాలెన్ 95వ సంపుటం దొరికితే తిరగేయండి. అనంతం మీద హిల్బర్ట్ వ్యాసం, బ్రౌవర్ కొత్త గణిత పునాదుల మీద రాసిన వ్యాసం, రెండూ ఒకే సంపుటంలో ఉంటాయి. సిద్ధాంతం నచ్చక గెంటేసేవాడైతే దాన్ని తన పత్రికలోనే ఎందుకు అచ్చు వేయిస్తాడు? ఉత్తరంలో కారణం కింద మౌలిక విషయాల్లో తమ అభిప్రాయాలు కలవవని రాశాడు, నిజమే. నేను దాన్ని నమ్మను. హిల్బర్ట్‌కి అప్పటికి 66 ఏళ్లు, ప్రాణాంతకమైన రక్తహీనత. తన తర్వాత పత్రిక బ్రౌవర్ చేతిలో పడుతుందని ఆయన భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది.

నాకు మింగుడు పడనిది చేసిన పద్ధతి. మిగతా ముగ్గురి సమ్మతి అడిగాడు. ఐన్‌స్టైన్ ఇందులో నన్ను కలపొద్దన్నాడు. అయినా ఉత్తరం వెళ్లింది. దాన్ని కారతెయొడోరి వచ్చేదాకా విప్పొద్దని బ్రౌవర్‌కి టెలిగ్రాం. పాపం కారతెయొడోరి హాలండ్‌లో బ్రౌవర్ ఉండే లారెన్ దాకా వెళ్లి ఎదురుగా కూర్చుంటే అప్పుడు విప్పాడు. సంజాయిషీ అడిగింది లేదు, ఆరోపణ కాగితం మీద పెట్టింది లేదు.

బ్రౌవర్ కూడా తక్కువ తినలేదు. హిల్బర్ట్‌కి మతి స్థిమితం లేదన్న మాట నలుగురిలోకి తెచ్చాడు. అది తప్పే.

ఎమ్మెస్సీ రెండో ఏడాది:
సార్, నిన్న అడిగింది నేనే 😀 ఐన్‌స్టైన్ అంతకు మించి ఏమీ అనలేదా?

నల్లబోర్డు:
కప్పలకీ ఎలుకలకీ యుద్ధం అన్నాడమ్మా. పాత గ్రీకు హాస్య కావ్యం ఒకటుంది, అందులోంచి.

గోదారి గట్టు:
ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అంటాం మనం. చివరికి జరిగిందీ అదే కదా. ఒక్కణ్ణి తీసేస్తే గొడవవుతుందని మొత్తం సంపాదక వర్గాన్నే రద్దు చేశారు. 101వ సంపుటం నుంచి అట్ట మీద హిల్బర్ట్, బ్లూమెంటాల్, హెక్కె మాత్రమే. ఐన్‌స్టైన్, కారతెయొడోరి కూడా బయటికే.

శేషం సున్నా:
పద్ధతి బాగోలేదు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ పద్ధతిగా సమావేశం పెట్టి ఉంటే ఏమయ్యేది? బ్రౌవర్ నెలల తరబడి ఉత్తరాలు రాసేవాడు, బీబర్‌బాఖ్ వత్తాసు పలికేవాడు. ఈ బీబర్‌బాఖే తర్వాత నాజీల్లో చేరి, 1936లో డాయిచె మాథమాటిక్ అని వేరే పత్రిక పెట్టాడు. అలాంటివాళ్లు మందలో ఉండగా హిల్బర్ట్ తొందరపడ్డాడంటే నేను తప్పు పట్టలేను.

నల్లబోర్డు:
1936 సంగతి 1928లో హిల్బర్ట్‌కి ఎలా తెలుస్తుందండీ? పైగా ఆ కొత్త అట్ట మీద మిగిలిన బ్లూమెంటాల్ యూదుడు. 1938లో ఆయన పేరూ పోయింది. ప్రాణం కాపాడుకోవడానికి హాలండ్ వెళ్లాడు, బ్రౌవర్ దేశానికే. 1944లో తెరెజియెన్‌స్టాట్ నాజీ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు.

ఎమ్మెస్సీ రెండో ఏడాది:
అయ్యో. మరి బ్రౌవర్ ఏం చేశాడు సార్?

నల్లబోర్డు:
సొంతంగా 1934లో కాంపోజిషియో మాథమాటికా పెట్టాడు. ఇప్పటికీ మంచి పేరున్న పత్రిక. యుద్ధమప్పుడు ఆగిపోయింది. మళ్లీ నిలబెట్టినప్పుడు అందులోనూ ఆయన్ని పక్కన పెట్టేశారు.

శేషం సున్నా:
ఈసారి హిల్బర్ట్ లేడుగా మాస్టారూ, 1943లోనే పోయాడు. మరి ఈ తప్పు ఎవరి మీద వేస్తారు?