రైలుకు బదులు వేసిన బస్సు: దారిలో దిగుతామంటే డ్రైవర్ ఆపాలా, వద్దా?

పట్టాల పక్క ఇల్లు:
ట్రాక్ పనులని రైళ్లు ఆపేసి, స్టేషన్ నుంచి స్టేషన్‌కు బస్సులు నడుపుతున్నారు. రైలు ఊరి వెనక నుంచి పోతుంది, బస్సు నడి ఊళ్లోంచి పోతుంది. మా వీధి మలుపులోనే మామూలు బస్టాప్ ఉంది. నిన్న రాత్రి దాని ముందర సిగ్నల్ పడి బస్సు ఆగింది. దిగిపోతానంటే డ్రైవర్ తలుపు తీయలేదు. "స్టేషన్‌లోనే దించమన్నారండీ" అన్నాడు. స్టేషన్ దాకా వెళ్లి, వానలో అదే రోడ్డు మీద వెనక్కి నడిచాను. టికెట్ స్టేషన్ దాకా కొన్నవాడు ముందే దిగిపోతే రైల్వేకు పైసా నష్టం లేదు కదా. మరి ఎందుకు దించరు?

స్టీరింగ్ సీటు:
ఇలాంటి బస్సులు నేను నడుపుతాను కాబట్టి చెబుతున్నా. మాది సిటీ బస్సు కాదు, ట్రావెల్స్ బస్సు. పని ఉందని ముందురోజు ఫోన్ వస్తుంది. చేతికిచ్చే కాగితంలో స్టేషన్ల పేర్లు, టైములు, వెళ్లాల్సిన రోడ్డు ఉంటాయి, అంతే. ఊరు కొత్త. ఏ స్టాప్‌లో ఇంత పొడుగు బండి పడుతుందో, ఎక్కడ వెనక బస్సుకు అడ్డమవుతానో నాకు తెలియదు. తలుపు ఒక్కటే, మెట్లు ఎత్తు. సిగ్నల్ దగ్గర దించితే బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులోంచి బైకు దూసుకొస్తుంది. అది నేను కళ్లారా చూశాను.

ఇక సామాను. దారిలో దిగేవాళ్ల పెట్టె ఎప్పుడూ డిక్కీలో అన్నిటికన్నా లోపలే ఉంటుంది. మిగతావన్నీ తీసి రోడ్డు పక్కన పెట్టి, మళ్లీ సర్దాలి. ఈలోగా ఎవరికైనా దెబ్బ తగిలితే పైవాళ్లు అడిగే మొదటి మాట "కాగితంలో లేని చోట ఎందుకు ఆపావ్?" అని. ఆపితే వాళ్లతో మాట పడాలి, ఆపకపోతే మీతో.

రాత్రి డ్యూటీ:
అన్నా, మీ ఇబ్బంది అర్థమైంది. కానీ రాత్రిపూట ఒంటరిగా వచ్చే ఆడవాళ్ల సంగతి? టొరంటో సిటీ బస్సుల్లో 1991 నుంచి రాత్రి 9 దాటితే రెండు స్టాపుల మధ్య కూడా దించుతారు. దిగే చోటు కన్నా ఒక స్టాప్ ముందే డ్రైవర్‌కు చెప్పాలి, ముందు తలుపులోంచి దిగాలి. మాంట్రియల్‌లో 1996లో ఇలాంటి పద్ధతే ఆడవాళ్ల కోసం పెట్టారు. నేనడిగేది అంత కూడా కాదు, ఉన్న బస్టాప్‌లో ఆపమనే. నిర్మానుష్యంగా ఉన్న స్టేషన్ ముందు దించి వెళ్లిపోవడం ఏ రకంగా భద్రత?

అవతలి రైలు:
అటు చివర నేను ఇంకో రైలు అందుకోవాలి. అది తప్పితే గంట కూర్చోవాలి. ఒకరికి ఆపితే ఇంకో నలుగురు లేస్తారు. ఎక్స్‌ప్రెస్‌కు బదులు వేసిన బస్సును దయచేసి ఎక్కడా ఆపొద్దు.

పట్టాల పక్క ఇల్లు:
ఎక్స్‌ప్రెస్ బదులు బస్సు ఆగకూడదన్నది న్యాయమే. నేనడిగేది ప్రతి స్టేషన్‌లో ఆగుతూ పోయే బస్సు గురించి. సిగ్నల్ దగ్గర తలుపు తీయమనీ పట్టుబట్టను. ఎక్కించుకోవడం, దించడం ఒకటి కాదు. దారిలో ఎక్కించుకుంటే టికెట్ చూడాలి, సీట్లు చాలవు, ఆ రోడ్డు మీద తిరిగే మామూలు బస్సుల బేరం పోతుంది. దించడానికి ఇవేవీ అడ్డు కావు.

పైగా కొన్నిసార్లు ఇది ఒకటి రెండు రోజుల ముచ్చట కాదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్ మధ్య రీడ్‌బాన్ లైనును 2024 జూలై 15 నుంచి డిసెంబరు 14 వరకు మూసేసి, సుమారు 150 బస్సులు తిప్పారు. అన్ని నెలలు తిరిగే బస్సుకు దారిలో ఏ స్టాపులు పనికొస్తాయో ముందే చూసి పెట్టడం కష్టమేమీ కాదు. తెల్లారితే పట్టాలు విరిగాయని హడావిడిగా పిలిపించిన బస్సును నేనూ ఆపమనను. కానీ పనులు వారాల ముందు ఖరారైనప్పుడు, దించాల్సిన స్టాపులు ఆ కాగితంలోనే రాసివ్వాలి. రాసే మనిషి ఆఫీసులో ఉంటే, మనం డ్రైవర్‌తో గొడవపడుతున్నాం.

స్టీరింగ్ సీటు:
రాసిస్తే ఆపుతాను, నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఎక్కేటప్పుడే చెప్పండి, మీ పెట్టె డిక్కీలో చివరగా పెడతాను. స్టాప్ దాటాక కేకేస్తే మాత్రం ఆపను.