సదరం స్లాట్ దొరకట్లేదు, బాబుకి స్పీచ్ థెరపీ ఎలా?

చిన్ని_అమ్మ:
పొద్దున 6 నుంచి ఇదే పని. సచివాలయంలో సదరం (వైకల్య సర్టిఫికెట్) స్లాట్ అడిగితే అయిపోయాయి, మళ్లీ ఓపెన్ అయ్యాక రండి అంటున్నారు. బాబుకి మాటలు రావట్లేదు. ప్రైవేటు థెరపీ సెంటరు వాళ్లేమో 3 నెలల ఫీజు ముందే కట్టమంటున్నారు. పిల్లల డాక్టరు చీటీ మీద 'జీడీడీ' అని రాసి ఊరుకున్నారు. సర్టిఫికెట్ లేకుండా గవర్నమెంటులో థెరపీ ఇవ్వరు కదా? అది త్వరగా రావాలంటే ఎవరిని పట్టుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, తల పగిలిపోతోంది.

ఉప్పుటేరు:
వయసు?

గోరింటాకు:
అమ్మా, ముందు ఫోను దాచేయండి. అన్నం తినాలంటే ఫోను, ఏడుపు ఆపాలంటే ఫోను. ఇప్పుడు ఇంటింటా ఇదే. 2 ఏళ్లలోపు తెర అసలు వద్దనీ, 2 నుంచి 5 ఏళ్ల దాకా రోజుకి గంట దాటొద్దనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తోంది. ఎవరు వింటున్నారు? దీన్నే వర్చువల్ ఆటిజం అంటారు. టీవీ కనెక్షన్ కూడా తీయించేయండి. మాటలు వాటంతటవే వస్తాయి.

చిన్ని_అమ్మ:
2 సంవత్సరాల 4 నెలలు అండి. ఫోను చూస్తాడు, నిజమే. సౌండు తీసేసినా అలాగే చూస్తుంటాడు, అడగడు కూడా. అందుకే ఆటిజమేమోనని భయం.

ఉప్పుటేరు:
సౌండు తీసేసినా తేడా లేదా? బెరా, అంటే శబ్దం చెవి నుంచి మెదడు దాకా వెళ్తోందా అని చూసే పరీక్ష, చేయించారా?

చిన్ని_అమ్మ:
చెవులు బాగానే ఉన్నాయండి. తలుపు దభాలున వేస్తే తిరుగుతాడు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో చెవి టెస్టు చేసి పాస్ అని రాసిచ్చారు కూడా. నా ప్రశ్న సర్టిఫికెట్ గురించి.

తాళపత్రం:
సర్టిఫికెట్ సంగతి నేను చెప్తాను. థెరపీకీ సదరానికీ ముడి లేదు. పెన్షను, బస్సు పాసు, స్కాలర్‌షిప్పు లాంటివాటికి అది కావాలి. థెరపీ మొదలుపెట్టడానికి అక్కర్లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది, 18 ఏళ్ల దాకా పిల్లలకి వర్తిస్తుంది. దాని కింద పెట్టినవే బాలల సత్వర చికిత్స కేంద్రాలు, డీఈఐసీ అంటారు. పాత జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రికి వెళ్లి ఆ పేరుతోనే అడగండి. ఓపీ కౌంటర్లో 'పిల్లల వార్డు' అన్నారంటే జ్వరాల లైన్లో నిలబెడతారు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి పరీక్ష చేసేవాళ్లు, సైకాలజిస్టు అందరూ ఒకే చోట ఉండాలన్నది దాని ఉద్దేశం. కొన్ని చోట్ల పోస్టులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఏ రోజు ఎవరుంటారో ముందే కనుక్కుని బయల్దేరండి. రిఫరల్ చీటీ అడిగితే, అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చే వైద్య బృందంతో రాయించుకోవచ్చు. వాళ్ల కోసం ఆగక్కర్లేదు, మీ డాక్టరు చీటీ చూపించినా చాలు.

ఇంకోటి. 5 ఏళ్లలోపు పిల్లలకి 'మేధో వైకల్యం' అని రాయరు. జీడీడీ (గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే) అనే రాస్తారు, సర్టిఫికెట్ కూడా తాత్కాలికమే. రెండు లేదా అంతకన్నా ఎక్కువ విషయాల్లో, అంటే నడక, చేతి పని, మాట, కలివిడితనం, ఇలాంటివాటిలో బాగా వెనకబడితే వాడే మాట అది. మీరు మాటల గురించే చెప్పారు. రెండోది ఏమిటి?

వేపపువ్వు:
వసకొమ్ము సానమీద అరగదీసి తేనెలో నాకించండి. పెద్దవాళ్లు ఊరికే పెట్టలేదు వసపిట్ట అని పేరు. మగపిల్లలకి మాటలు లేటే, కంగారు పడకండి. నాలుక కింద తాడు కూడా ఒకసారి చూపించండి.

చెవిపోగు:
వేపపువ్వు గారూ, వసలో బీటా అసరోన్ ఉంటుంది, అది పసిపిల్లలకి మంచిది కాదు. తేనె ఏడాదిలోపు అసలే వద్దు. నాలుక తాడు వల్ల పాలు తాగడంలో, కొన్ని అక్షరాలు పలకడంలో ఇబ్బంది రావచ్చు. మాటే పుట్టకపోవడానికి అది కారణం కాదు. మగపిల్లల తేడా నెలా రెండు నెలలు ఉంటుందేమో, 28 నెలలకి ఒక్క మాట కూడా లేకపోవడం ఆ లెక్కలోకి రాదు.

ఉప్పుటేరు:
చిన్ని_అమ్మ గారూ, ఎన్నో వారంలో పుట్టాడు? ఐసీయూలో పెట్టారా? కామెర్లు వచ్చాయా?

చిన్ని_అమ్మ:
ఎనిమిదో నెలలోనే పుట్టాడు, 32 వారాలు, 1.6 కిలోలు. 19 రోజులు ఎన్‌ఐసీయూలో ఉంచారు. కామెర్లు బాగా ఎక్కువై లైటు కింద పెట్టారు, ఒకసారి రక్తం కూడా మార్చారు. అవన్నీ తగ్గాకే ఇంటికి పంపారు కదా, అందుకే రాయలేదు. నడక 20 నెలలకి వచ్చింది, ఇప్పటికీ మునివేళ్ల మీదే నడుస్తాడు.

ఉప్పుటేరు:
ఇది మొదటి పోస్టులోనే ఉండాల్సింది. సరే, ఇప్పుడు వినండి.

పుట్టినప్పుడు పాస్ అన్నది చాలావరకు ఓఏఈ అయి ఉంటుంది. చెవిలో చిన్న బుడిపె పెట్టి రెండు నిమిషాల్లో తేల్చేది. అది లోపలి చెవిలోని వెంట్రుక కణాలు పనిచేస్తున్నాయా లేదా అన్నంత వరకే చెప్తుంది. రక్తం మార్చాల్సినంత కామెర్లలో దెబ్బ ఎక్కువగా తగిలేది ఆ కణాలకి కాదు, అక్కణ్ణుంచి మెదడుకి వెళ్లే నరానికీ, మెదడు కాండంలోని కేంద్రాలకీ. అందుకే ఓఏఈ పాస్ అవుతుంది, పిల్లాడికి మాట మాత్రం స్పష్టంగా అందదు. దాన్ని పట్టుకునేది బెరా. 5 రోజులు దాటి ఐసీయూలో ఉన్న ప్రతి బిడ్డకీ ఓఏఈ ఒక్కటే చాలదు. తలుపు దభాలున పడితే నేల అదురుతుంది, గాలి తగులుతుంది. దానికి తిరిగితే వినపడినట్టు కాదు.

మునివేళ్ల నడకని పిల్లల న్యూరాలజిస్టుకి చూపించండి. అదే కామెర్లు కదలికలనీ దెబ్బతీస్తాయి. మీ డాక్టరు జీడీడీ అన్నది మాట, నడక రెండూ చూసే.

నెలలు తక్కువ లెక్క కూడా ఉంది. 8 వారాలు ముందు పుట్టాడు కాబట్టి అంత తగ్గించినా వయసు 26 నెలలు. ఆ తగ్గింపు మామూలుగా 2 ఏళ్ల దాకానే చూస్తారు. దీనితో సర్దిచెప్పుకోవద్దు.

గోరింటాకు:
ఎంతైనా ఫోను మానేస్తే మంచిదే కదా. వర్చువల్ ఆటిజం తగ్గినవాళ్లు ఎంతమంది లేరు.

తాళపత్రం:
ఫోను తగ్గించమనడం వేరు, వర్చువల్ ఆటిజం అనడం వేరండి. డాక్టర్లు ఆటిజం లాంటివి నిర్ధారించడానికి వాడే పుస్తకం డీఎస్ఎం 5లో అలాంటి రోగనిర్ధారణే లేదు. ఆ మాట పట్టుకుని ఆరు నెలలు ఫోను దాచి కూర్చుంటే, ఈ బాబు విషయంలో ఆ ఆరు నెలలూ చెవుల పరీక్ష లేకుండానే పోతాయి. అలాగే జీడీడీలో 'డిలే' అంటే రైలు లేటులాగా ఎప్పటికైనా వస్తుందని కాదు.

గోరింటాకు:
మాట పట్టుకుని వాదించడం ఎందుకు? అమ్మ మనసు చూడండి.

చెవిపోగు:
బెరాకి వెళ్లేవాళ్ల కోసం. ముందురోజు తలంటి పోయండి. నూనె రాయొద్దు, నుదుటి మీదా చెవుల వెనకా ఎలక్ట్రోడ్లు అంటుకోవు. పరీక్ష నిద్రలోనే చేయాలి. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లారగట్లే లేపండి, దారిలో బస్సులో నిద్రపోనివ్వకండి. అక్కడే పాలు పట్టి పడుకోబెట్టాలి. అయినా నిద్ర పట్టకపోతే ట్రైక్లోఫాస్ సిరప్ బరువు చూసి వాళ్లే పోస్తారు, ఇంటి దగ్గర పోసి తీసుకెళ్లొద్దు. ఫిట్స్ వచ్చినా, గురక ఉన్నా ముందే చెప్పండి. జలుబు ఉన్న వారం వెళ్తే మధ్య చెవిలో నీరు చేరి రిపోర్టు తప్పుగా రావచ్చు. అదే రోజు మధ్య చెవిని చూసే టింపనోమెట్రీ పరీక్ష కూడా చేయమనండి, 'బీ' టైపు వస్తే నీరు ఉండొచ్చు.

రిపోర్టులో ఐదో తరంగం (శబ్దానికి నరం, మెదడు కాండం ఇచ్చే తరంగాల్లో ఐదోది) శబ్దాన్ని ఎన్ని డెసిబెల్స్ దాకా తగ్గించినా కనిపించిందో చూడండి. 30 దాకా కనిపిస్తే సాధారణం. మీ బాబు చరిత్ర ఇది కాబట్టి క్లిక్ శబ్దం రెండు పోలారిటీల్లోనూ (తరంగం దిశ తిప్పి కూడా) ఇవ్వమని, ఓఏఈ కూడా మళ్లీ చేయమని అడగండి. బెరాలో తరంగాలు లేకుండా ఓఏఈ పాస్ అయితే అది ఆడిటరీ న్యూరోపతి దారి, అంటే చెవి పనిచేసినా నరం శబ్దాన్ని సరిగా మోయట్లేదని. అప్పుడు బెరా అంకెలు చూసి వినికిడి మెషీన్ పెట్టకూడదు, బాబు స్పందన చూసి చేసే పరీక్షలు కావాలి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ (మేధో వైకల్యాల జాతీయ సంస్థ) ఉంది, మాట, వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే. ఒకే ప్రయాణంలో రెండూ అవుతాయి. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో చెవి లోపల పెట్టే పరికరం) దాకా వెళ్తే, వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్ర పథకం ఏడీఐపీలో, మాట రాకముందే వినికిడి లోపించిన పిల్లలకి వయసు పరిమితి 5 ఏళ్లు.

తాళపత్రం:
డిశ్చార్జి సమ్మరీ జిరాక్సులు 4 పెట్టుకోండి. బిలిరుబిన్ (కామెర్ల లెక్క) ఎంత దాకా వెళ్లింది, అమికాసిన్ లేదా జెంటామైసిన్ ఎన్ని రోజులు ఇచ్చారు, ఆ పేజీ ముఖ్యం. ఆ ఇంజెక్షన్లు కూడా చెవికి చేటే. ప్రైవేటు సెంటర్లో 3 నెలలు ముందు కట్టొద్దు. థెరపిస్టు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. వినికిడి తేలకుండా స్పీచ్ థెరపీ మొదలుపెడదామన్నవాళ్ల దగ్గర అసలు కట్టొద్దు.

వేపపువ్వు:
వస మా ఊళ్లో అందరూ వాడతారు. ఎవరికీ ఏం కాలేదు.

చెవిపోగు:
🙏

చిన్ని_అమ్మ:
బెరాకి గురువారం రమ్మన్నారు. డిశ్చార్జి పేపరు వెతికితే దొరికింది, బిలిరుబిన్ 27 అని ఉంది. అమికాసిన్ 10 రోజులు. నూనె రాయను. థాంక్స్ అండి. సదరం స్లాట్ మాత్రం ఇంకా ఓపెన్ కాలేదు.