పాత గేములకు అప్పటి రివ్యూలు ఇప్పుడు చదవడం దండగా?

యనమలకుదురు కుర్రాడు: సైబర్‌పంక్ 2077 సెకండ్ హ్యాండ్ డిస్కు ఒకటి ఫ్రెండ్ ఇస్తానంటున్నాడు. 2020 డిసెంబర్‌లో గేమ్ వచ్చినప్పటి రివ్యూలు చదివితే కొనబుద్ధి కావట్లేదు. మనుషులు చేతులు చాపి దిష్టిబొమ్మల్లా నిలబడిపోతున్నారని, ఆట మధ్యలో ఆగిపోతోందని రాశారు. ఇప్పుడేమో అందరూ సూపర్ అంటున్నారు. అంత పాత రివ్యూలు నమ్మొచ్చా?

బ్రాడీపేట 4వ లైన్: నమ్మకు. రివ్యూ అంటే ఆ వారం టమాటా ధర. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ ఇచ్చి స్కిల్స్, పోలీసులు అన్నీ మార్చేశారు. వాళ్లు తిట్టిన గేమ్ ఇప్పుడు లేదు. ఇంకోటి. ప్రాజెక్ట్ ఐజీఐ అనే తుపాకుల గేమ్ 2000లో వచ్చింది. మిషన్ మధ్యలో సేవ్ లేదని, అంటే ఆడినంతవరకు దాచుకుని మళ్లీ అక్కణ్నుంచే ఆడే వీల్లేదని, అప్పటి రివ్యూల్లో ఒకటే గోల. మేం గుంటూరులో సేవ్ లేకుండానే ఆడాం. ఎవడైనా చచ్చాడా?

మిర్చియార్డ్: టైమ్ అయ్యాక నెట్ సెంటరాయన వెనకొచ్చి నిలబడితే చచ్చేవాళ్లం అన్నా.

లెనిన్ సెంటర్ లత: ఆ గేమ్ ఇప్పుడు లేదు కాబట్టే ఆ రివ్యూలు కావాలండి. సైబర్‌పంక్ వచ్చిన వారానికే సోనీ దాన్ని తన ప్లేస్టేషన్ స్టోర్‌లోంచి తీసేసి డబ్బు వాపసిస్తానంది. 2021 జూన్ దాకా మళ్లీ పెట్టలేదు. అదంతా అప్‌డేట్ తుడిచేస్తే పోయేదా? వైస్ సిటీ గేమ్ చూడండి, 2002లో అందులోని కారు రేడియోలో వచ్చిన పాటల్లో కొన్ని తర్వాతి కాపీల్లో లేవు, హక్కుల గొడవతో తీసేశారు. అప్పుడేం వినిపించేదో అప్పుడు విన్నవాళ్లే చెప్పాలి.

బ్రాడీపేట 4వ లైన్: పాటలా? మా నెట్ సెంటర్‌లో స్పీకర్లే లేవు. సేవ్ గురించి చెప్పండి ముందు.

కొత్తపేట: ఐజీఐలో సేవ్ ఉండేది. నేను చేశాను.

బ్రాడీపేట 4వ లైన్: లేదు.

కొత్తపేట: ఉంది. మిషన్ మధ్యలోనే చేసుకునేవాళ్లం.

బ్రాడీపేట 4వ లైన్: బాబూ, నువ్వు పుట్టకముందు నుంచి ఆడుతున్నా. లేదు!

లెనిన్ సెంటర్ లత: కొత్తపేట గారు ఆడింది ఐజీఐ 2 అయ్యుంటుంది, 2003లోది. అందులో మిషన్‌కి ఇన్నిసార్లని లెక్కపెట్టి సేవ్‌లు ఇచ్చారు. మొదటిదాంట్లో లేదని గోలపెట్టినదే రెండోదాంట్లో పెట్టారు చూశారా.

బ్రాడీపేట 4వ లైన్: పుస్తకాల్లో చదివొచ్చి మాకు చెప్పొద్దమ్మా. గంటకు 20 రూపాయలు. సరిగ్గా చివర్లో కరెంటు పోయేది, మిషన్ మళ్లీ మొదటికి. ఆ ఉక్రోషంలోనే ఉంది మజా అంతా. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని మార్కులేసేవాడికి తెలుస్తుందా? అసలు మీరు ఐజీఐ ఆడారా?

లెనిన్ సెంటర్ లత: ఆడలేదు.

మా వీధి చివర నెట్ సెంటర్ ఉండేది, పరదాలు కట్టిన క్యాబిన్లు. ఆడపిల్ల లోపలికెళ్తే మనం ఇంటికొచ్చేలోపు కబురు ఇంటికి చేరేది. మా అన్నయ్య మాత్రం రోజూ వెళ్లేవాడు, వచ్చాక అడిగితే "నీకర్థం కాదులే" అనేవాడు. నేను లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర డిజిట్ అనే కంప్యూటర్ పత్రిక పాత సంచికలు కొనుక్కునేదాన్ని. దాంతో వచ్చే సీడీ ఎవరో ముందే కొట్టేసేవాళ్లు. మిగిలేవి రివ్యూలు, పక్కన అగ్గిపెట్టెంత బొమ్మలు. నేను ఆడింది వాటినే. మీకది టమాటా ధర కావచ్చు. నాకు గేమంటే అదే.

మిర్చియార్డ్: 🙏

బ్రాడీపేట 4వ లైన్: నాకది తెలీదు కదమ్మా.

మావాడికి పదమూడేళ్లు. ఈ సెలవుల్లో ఐజీఐ ఎక్కించి పక్కన కూర్చోబెట్టుకున్నా. వాడు ముందు ఫోన్ తీసి అప్పటి రివ్యూలో మార్కులు చూశాడు. "యావరేజ్ గేమ్ నాన్నా" అని లేచి వెళ్లిపోయాడు. మౌస్ కూడా ముట్టుకోలేదు. అప్పట్నుంచి రివ్యూ అంటే ఒళ్లు మండుతోంది.

లెనిన్ సెంటర్ లత: వాడు రివ్యూ చదవలేదుగా, అంకె చూశాడు.

బ్రాడీపేట 4వ లైన్: వాడికి రెండూ ఒకటే.

లెనిన్ సెంటర్ లత: ఇందాకటి దాకా మీక్కూడా ఒకటేగా.

మిర్చియార్డ్: మావాడు మార్కులు కూడా చూడకుండా లేచిపోయాడు అన్నా.

యనమలకుదురు కుర్రాడు: అన్నా, అక్కా, నా డిస్కు సంగతి? 500 అంటున్నాడు. రేపు బెంజ్ సర్కిల్ దగ్గర కలుస్తున్నాం.

లెనిన్ సెంటర్ లత: అవును, డిస్కు అన్నావు. ఏ మెషిన్ నీది?

యనమలకుదురు కుర్రాడు: పీఎస్4, పాత ప్లేస్టేషన్.

బ్రాడీపేట 4వ లైన్: ఆగు తమ్ముడూ! 2.0 పీఎస్4కి ఇవ్వలేదు. నేను చెప్పిన గేమ్ నీకు రాదు.

లెనిన్ సెంటర్ లత: పీఎస్4కి 2022లో 1.6 అప్‌డేట్ దాకా ఇచ్చారు కాబట్టి మొదట్లో ఉన్నంత ఘోరంగా ఉండదు. అది వచ్చాక పీఎస్4లో ఆడి రాసినవాళ్లది వెతికి చదువు.

యనమలకుదురు కుర్రాడు: అదీ పాత రివ్యూనే కదక్కా?