వ్యాపారం నుంచి రాజకీయాల్లోకి: టీజీ వెంకటేష్ గారి సంగతి చెప్పండి

ప్రశ్న (కర్నూలు): ఫ్యాక్టరీ నడిపే మనిషి ఎమ్మెల్యే అయితే రెండూ ఎలా సాగుతాయి? చట్టం అడ్డు చెప్పదా? టీజీ గారి రాజకీయ ప్రయాణం కూడా వరసగా చెప్పగలరా?

జవాబు (ఆదోని): టీజీ గారు కర్నూలు పారిశ్రామికవేత్త. 1999లో కర్నూలు నుంచి టీడీపీ ఎమ్మెల్యే. 2004లో సీపీఎం గఫూర్ గారి చేతిలో ఓడి, 2009లో కాంగ్రెస్ నుంచి గెలిచి, తర్వాత చిన్న నీటిపారుదల మంత్రి అయ్యారు. 2014లో మళ్లీ టీడీపీ, ఓటమి. 2016లో రాజ్యసభ, 2019 జూన్‌లో బీజేపీ. 2024లో కొడుకు భరత్ టీడీపీ తరఫున గెలిచి పరిశ్రమల మంత్రి అయ్యారు.

జవాబు (అనంతపురం): కంపెనీ ఉండటం తప్పు కాదండీ. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ ప్రకారం ఎమ్మెల్యే అయితే రాష్ట్ర ప్రభుత్వంతోనే సరుకు సరఫరాకో పనులకో సొంత కాంట్రాక్టు నడుస్తుంటేనే అనర్హత. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 (అభ్యర్థి ఆస్తులు, అప్పుల ప్రమాణపత్రం) చదవండి, భార్య పేరున ఉన్న షేర్లు, బ్యాంకు అప్పులు కూడా అందులో రాయాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు.

జవాబు (కర్నూలు): చట్టం సరే, నాకు అది చాలదు. టీజీ గారి రసాయన ఫ్యాక్టరీ, కర్నూలు దగ్గరి గొందిపర్ల ఆల్కలీస్‌లో తయారయ్యే కాస్టిక్ సోడానే తీసుకోండి, ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి తీస్తారు, అంటే కరెంటు రేటు మీదే లాభం నష్టం. అలాంటి వ్యాపారం ఉన్న ఏ నాయకుడైనా సరే, కరెంటు చార్జీల మీద చర్చ వస్తే ముందు అందులో తన వ్యాపార లాభనష్టాల లెక్క చెప్పి కూర్చోవాలి. మనవాళ్లకు ఉద్యోగాలు ఇచ్చారన్నది నిజమే, అయినా ఆ మాట మాత్రం అడగాల్సిందే.