ఏ పదవికీ ఎన్నిక కాని ఎడ్విన్ ఫుల్నర్‌కు అంత పలుకుబడి ఎలా వచ్చింది?

ప్రశ్న: అనంతపురం విద్యార్థిని

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చదువుతున్నాను. అమెరికాలోని సంప్రదాయవాద విధాన పరిశోధన సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్‌కు మూడున్నర దశాబ్దాలకు పైగా అధ్యక్షుడిగా ఉండి 2025 జులైలో మరణించిన ఎడ్విన్ ఫుల్నర్‌ను సెమినార్ పత్రానికి అంశంగా ఎంచుకున్నాను. ఆయన చట్టసభ సభ్యుడు కాలేదు, మంత్రీ కాలేదు. అయినా రీగన్ కాలం నుంచి ట్రంప్ కాలం దాకా రిపబ్లికన్ నాయకులు ఆయన మాటను లెక్కలోకి తీసుకున్నారని చదివాను. మా జిల్లాలో నేను చిన్నప్పటి నుంచి చూసిన రాజకీయంలో పలుకుబడికి కుటుంబం, కులం, కాంట్రాక్టులు ఆధారంగా ఉంటాయి. కాగితాలు రాయించి, వాటిని సభ్యులకు అందించి పలుకుబడి సంపాదించిన మనిషిని నేను ఎరగను. ఆయనను పండితుడిగా చూడాలా, పార్టీ మనిషిగా చూడాలా, బిల్లుల కోసం చట్టసభ్యులపై ఒత్తిడి తెచ్చే లాబీయిస్టుగా చూడాలా అన్నది తేలక పత్రం ముందుకు సాగడం లేదు. తెలిసిన పెద్దలు దారి చూపగలరని కోరుతున్నాను.

జవాబు: కడప, విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, ఆయన అధ్యక్షుడయ్యాక జరిగినదాని కన్నా అంతకు ముందు ఎక్కడెక్కడ పనిచేశారో ముందుగా చూడండి. 1941లో షికాగోలో పుట్టి, వార్టన్ బిజినెస్ స్కూల్‌లో ఎం.బి.ఏ. పూర్తి చేసిన ఫుల్నర్, నిక్సన్ ప్రభుత్వంలో రక్షణ మంత్రిగా ఉన్న మెల్విన్ లెయిర్డ్ దగ్గర సహాయకుడిగా చేరారు. తర్వాత ఇల్లినాయ్ ప్రతినిధి ఫిల్ క్రేన్ కార్యాలయాన్ని నడిపారు. ఆపైన ప్రతినిధుల సభలోని సంప్రదాయవాద సభ్యుల బృందమైన రిపబ్లికన్ స్టడీ కమిటీకి కార్యనిర్వాహక సంచాలకుడయ్యారు. అంటే 1977లో హెరిటేజ్ పగ్గాలు చేపట్టే నాటికే ఏ సభ్యుడి బల్ల మీదికి ఏ కాగితం ఎప్పుడు వస్తుందో, దాన్ని ఆ సభ్యుడి తరఫున నిజంగా చదివేది ఎవరో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఆయనకు 1981లో, అధ్యక్షుడైన నాలుగేళ్లకు వచ్చింది. పాండిత్యం వల్ల ఆ పదవి వచ్చిందనుకోవడానికి ఈ వరస ఒప్పుకోదు.

హెరిటేజ్ పుట్టుక గురించి ఆయనా, సహ వ్యవస్థాపకుడు పాల్ వైరిక్ చెప్పుకుంటూ వచ్చిన సంఘటన ఒకటి ఉంది. 1971లో ధ్వనివేగాన్ని మించే ప్రయాణికుల విమానానికి ప్రభుత్వ నిధులివ్వాలా వద్దా అని అమెరికా కాంగ్రెస్‌లో ఓటింగు జరిగింది. అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ అనే పాత సంస్థ ఆ విషయంపై చక్కటి విశ్లేషణ తయారు చేసింది. కాని అది సభ్యుల చేతికి ఓటింగు ముగిశాక అందింది. ఓటు ఫలితాన్ని ప్రభావితం చేయడం తమ ఉద్దేశం కాదని ఆ సంస్థ వారు చెప్పారట. ఓటుకు ముందు అందని పరిశోధన ఎవరి కోసం అన్న ఆ అసంతృప్తిలోంచే, మద్యం వ్యాపారి జోసెఫ్ కూర్స్ ఇచ్చిన రెండున్నర లక్షల డాలర్ల సాయంతో, 1973లో హెరిటేజ్ ఫౌండేషన్ ఏర్పడింది. రాయలసీమ నీటి సమస్యపై ఎంతో శ్రమపడి రాసిన పత్రాలు బడ్జెట్ సమావేశాలు ముగిశాక అచ్చయి రావడం నేను ఒకటికి రెండుసార్లు దగ్గరుండి చూసినవాణ్ణి కనుక, ఈ సంఘటన నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది.

ఫుల్నర్ వచ్చాక దీన్ని ఒక క్రమశిక్షణగా మార్చారు. విమానాశ్రయం నుంచి కాంగ్రెస్ భవనానికి కారులో వెళ్లేలోపు సభ్యుడు చదివి ముగించగలిగేలా పత్రం ఉండాలన్నది ఆ నియమం. దానికి వారు పెట్టుకున్న పేరు బ్రీఫ్‌కేస్ పరీక్ష. రీగన్ గెలిచేసరికి ప్రభుత్వంలోని ప్రతి శాఖకూ ఏం చేయాలో చెప్పే ‘మ్యాండేట్ ఫర్ లీడర్‌షిప్’ అనే బృహత్పత్రం సిద్ధంగా ఉంది. అది వెయ్యి పేజీలు దాటినదే అయినా శాఖల వారీగా విడదీసి రాసినది కాబట్టి, కొత్తగా వచ్చిన అధికారి తన భాగం తాను తీసుకుంటే సరిపోయేది. నా దృష్టిలో ఫుల్నర్ పండితుడూ కాదు, కేవలం పార్టీ మనిషీ కాదు. ఆలోచనను సరైన వేళకు సరైన చేతిలో పెట్టే నిర్వాహకుడు.

జవాబు: కర్నూలు న్యాయవాది

అధ్యాపకులు చెప్పినదానితో ఏకీభవిస్తూనే చట్టం వైపు నుంచి ఒక మాట చేరుస్తాను. హెరిటేజ్ ఫౌండేషన్ అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(3) కింద నమోదైన సంస్థ. దానికి ఇచ్చిన విరాళాలకు దాతలు పన్ను మినహాయింపు పొందవచ్చు. మన 1961 ఆదాయపు పన్ను చట్టంలో 80జి సెక్షన్‌గా పేరుపడిన మినహాయింపు వంటిదే. అందుకు బదులుగా ఆ సంస్థ ఎన్నికల్లో ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, లాబీయింగును పరిమితిలో ఉంచుకోవాలి. కనుక లాబీయిస్టు అనే మాటను చట్టపరమైన అర్థంలో వాడితే మీ పత్రంలో తప్పు దొర్లుతుంది. అయితే ఈ హద్దు ఇబ్బందిగా మారినప్పుడు, ఫుల్నర్ అధ్యక్షుడిగా ఉండగానే 2010లో హెరిటేజ్ యాక్షన్ అనే వేరే సంస్థను 501(సి)(4) కింద స్థాపించారు. అది బిల్లుల కోసం నేరుగా ఒత్తిడి చేయగలదు. ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి నిధులు ఆపాలంటూ 2013లో అది సాగించిన ప్రచారం, ఆ అక్టోబరులో అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు 16 రోజులు మూతపడటానికి దారితీసిన కారణాల్లో ఒకటి. అప్పటికి ఫుల్నర్ దిగిపోయి, సెనేటర్ పదవికి రాజీనామా చేసి వచ్చిన జిమ్ డిమింట్ అధ్యక్షుడయ్యారు.

అనంతపురం విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు సార్. ‘మ్యాండేట్’లోని సుమారు 2,000 సూచనల్లో 60 శాతాన్ని రీగన్ అమలు చేశారని చాలా చోట్ల కనిపిస్తోంది. దీన్నే ప్రభావానికి రుజువుగా చూపవచ్చునా?

జవాబు: కడప, విశ్రాంత అధ్యాపకుడు

చూపవద్దు. ఆ లెక్క హెరిటేజ్ వారు స్వయంగా వేసుకున్నది. పైగా ఒక సూచన అమలైనంత మాత్రాన అది వారి వల్లనే అమలైందని తేలదు; 1981 నాటి పన్నుల తగ్గింపును రిపబ్లికన్ చట్టసభ్యులు జాక్ కెంప్, విలియం రాత్ అంతకు కొన్నేళ్ల ముందే బిల్లుగా ప్రతిపాదించారు. ఒకే ఆలోచనను పట్టుకుని అది ఎవరెవరి చేతులు మారిందో వెతకడం ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి. ఉదాహరణకు, ప్రతి కుటుంబమూ ఆరోగ్య బీమా తప్పనిసరిగా తీసుకోవాలన్న ప్రతిపాదనను 1989లో హెరిటేజ్ పరిశోధకుడు స్టువర్ట్ బట్లర్ ముందుకు తెచ్చారు. 2006లో మసాచుసెట్స్ గవర్నర్ మిట్ రోమ్నీ తీసుకువచ్చిన చట్టంలో అటువంటి నిబంధన చేరింది. 2010లో అదే నిబంధన ఒబామా చట్టంలో కనబడగానే హెరిటేజ్ తీవ్రంగా వ్యతిరేకించింది. ఆలోచన మొదట ఎక్కడిదన్న దానికన్నా, దాన్ని ఎవరు చేపట్టారన్నది ఆ సంస్థ వైఖరిని ఎంతగా నిర్ణయించిందో ఇక్కడ మీకు కనిపిస్తుంది.

జవాబు: ప్రొద్దుటూరు, సివిల్స్ అభ్యర్థి

అక్కా, ఒక కోణం మిగిలిపోయింది. అమెరికాలో కొత్త అధ్యక్షుడు తన ఇష్టానుసారం నింపుకోగల పదవులు దాదాపు 4,000 ఉంటాయి. వాటిలో వెయ్యికి పైగా పదవులకు సెనేట్ ఆమోదం కావాలి. అంతమందిని రెండున్నర నెలల్లో వెతికి పెట్టడం ఏ పార్టీకైనా కష్టమే. పత్రాలతో పాటు మనుషుల జాబితాలూ సిద్ధం చేసి పెట్టడంలోనే ఫుల్నర్ పలుకుబడికి అసలు మూలం ఉందని నేను నమ్ముతున్నాను. 1996లో ఉపాధ్యక్ష అభ్యర్థి కెంప్‌కు సలహాదారుగా, 2016లో ట్రంప్ అధికార మార్పిడి బృందంలో సభ్యుడిగా పనిచేసినదీ ఆయనే. డిమింట్‌ను 2017లో బోర్డు తొలగించాక తాత్కాలికంగా తిరిగి బాధ్యతలు తీసుకున్నారు. 2023లో, కెవిన్ రాబర్ట్స్ హెరిటేజ్ అధ్యక్షుడిగా ఉండగా, రాబోయే రిపబ్లికన్ ప్రభుత్వానికి ప్రణాళికగా వెలువడిన ప్రాజెక్ట్ 2025 గ్రంథానికి ముగింపు అధ్యాయం రాశారు. ఆ గ్రంథంతో తనకు సంబంధం లేదని 2024 ఎన్నికల వేళ ట్రంప్ ప్రకటించినా, అందులో ఒక అధ్యాయం రాసిన రస్ వోట్‌ను 2025లో బడ్జెట్ కార్యాలయ అధిపతిగా నియమించారు.

మన దేశంలో ఐ.ఏ.ఎస్. వంటి శాశ్వత సర్వీసులు ఉండటం వల్ల ఈ దారి చాలా ఇరుకు. ఢిల్లీలోని విధాన పరిశోధన సంస్థ వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్ తొలి సంచాలకుడు అజిత్ డోభాల్ 2014లో జాతీయ భద్రతా సలహాదారు కావడాన్ని పోలికగా చూపేవారున్నారు. కాని ఆయన అప్పటికే ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతిగా పనిచేసిన ఐ.పి.ఎస్. అధికారి. బయటి నిపుణులను నేరుగా ఉన్నత పోస్టుల్లోకి తీసుకునే ల్యాటరల్ ఎంట్రీ కింద 45 పోస్టులకు 2024 ఆగస్టులో ఇచ్చిన ప్రకటనను కొద్ది రోజుల్లోనే వెనక్కు తీసుకున్నారు. పోలిక పెట్టేటట్లయితే ఈ తేడాను తప్పక రాయండి.

డబ్బు సంబంధాల ప్రస్తావన కూడా వదలవద్దు. ఫుల్నర్‌కు సంబంధమున్న బెల్ హేవెన్ అనే సలహా సంస్థ మలేసియా ప్రయోజనాల తరఫున పనిచేస్తున్న కాలంలోనే ఆ దేశ ప్రభుత్వంపై హెరిటేజ్ స్వరం మెత్తబడిందని 2005లో వాషింగ్టన్ పోస్ట్ కథనం ప్రచురించింది. రెండింటికీ సంబంధం లేదని హెరిటేజ్ బదులిచ్చింది. రెండు మాటలూ పక్కపక్కనే ఉంచితేనే పత్రం న్యాయంగా ఉంటుంది.

అనంతపురం విద్యార్థిని

శీర్షికలో నేను పెట్టుకున్న ‘నాయకుడు’ అన్న మాట తీసి ‘నిర్వాహకుడు’ అని మార్చాను. 60 శాతం లెక్కను ప్రధాన వాదన నుంచి తొలగించి, ఎవరు వేసిన లెక్కో చెబుతూ ఒక్క వాక్యానికి తగ్గించాను. 1971 ఓటింగుతో మొదలుపెట్టి, ఆరోగ్య బీమా ప్రతిపాదన చేతులు మారిన తీరును మధ్య భాగంగా రాస్తాను. ప్రొద్దుటూరు తమ్ముడు చెప్పిన 4,000 పదవుల విషయం నా ప్రశ్నకు నేను వెతుకుతున్న జవాబుకు అన్నింటికన్నా దగ్గరగా ఉంది; చివరి భాగమంతా దానికే కేటాయిస్తున్నాను.