"పిలిచిన పిలుపును చూడుడి": చూడాలా, వినాలా?

గుండ్లకమ్మ: ఒంగోలు పక్క పల్లెలో పాత బాప్టిస్టు కుటుంబం మాది. మా నాన్న ఉద్యోగం గురించి కాస్త గొప్పగా మాట్లాడితే చాలు, మా నాయనమ్మ "పిలిచిన పిలుపు వినుడి, గొప్ప వంశమువారు కారు" అని అందుకునేది. అది బైబిల్లో పౌలు రాసిన కొరింథీయుల మొదటి పత్రిక 1:26 అని తెలుసు. కానీ అచ్చులో "మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి" అని ఉంది. పిలుపును వింటాం గానీ చూడటమేమిటి? నాయనమ్మ మాటే తెలుగులా ఉంది నాకు. పాత ముద్రణల్లో "వినుడి" ఎవరైనా చూశారా?

ద్రుతం: రుచి చూస్తాం, వాసన చూస్తాం, నాడి చూస్తాం. వీటిలో ఏదీ కంటి పని కాదు. 34వ కీర్తనలో "రుచి చూచి తెలిసికొనుడి" అంటే ఎవరికీ అభ్యంతరం లేదు కదా, పిలుపు దగ్గరే ఎందుకు? ఇక్కడ చూడటమంటే ఆలోచించుకోవడం. మీ నాయనమ్మగారు వినికిడి మీద సవరించారు, అంతే.

పాతబడి పంతులు: ద్రుతం గారూ, నాడికీ పిలుపుకీ పోలిక కుదరదండీ. అసలు పేచీ "చూ"లో లేదు, "డుడి"లో ఉంది. గ్రీకులో "బ్లెపెతె" అన్నాడు పౌలు. ఆ రూపానికి "చూస్తున్నారు" అనీ అర్థం వస్తుంది, "చూడండి" అనీ వస్తుంది. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు వాళ్లు మొదటిది పట్టుకున్నారు: మీ పిలుపు మీకు కనబడుతూనే ఉంది కదా అని. మనవాళ్లు రెండోది పట్టుకుని ఆజ్ఞ చేసేశారు. మొదటిది కాస్త నవ్వుతూ అన్నట్టుంటుంది, రెండోది వేలు చూపించి గద్దించినట్టుంటుంది.

గుండ్లకమ్మ: మా నాయనమ్మది వేలు చూపించే రకమే లెండి.

కొండపి కుర్రాడు: నాదో ఊహ. ఇదే పత్రిక 7:20లో "ఏ స్థితిలో పిలువబడెనో ఆ స్థితిలోనే యుండవలెను" అని ఉంది. అక్కడి గ్రీకు మాటా ఇక్కడి మాటా ఒకటే, క్లేసిస్. అక్కడ తెలుగులో "స్థితి" అయింది, ఇక్కడ "పిలుపు" అయింది. ఇక్కడా "స్థితి" వేసుకుంటే చిక్కే లేదు. పిలిచిననాటికి మీరెక్కడున్నారో చూసుకోండి అని. స్థితిని ఎవరైనా చూడొచ్చు.

పాతబడి పంతులు: అప్పుడు "పిలిచిన పిలుపు"లోని బిగి పోతుంది, కుర్రాడా. ఆడిన ఆట, పాడిన పాట, పిలిచిన పిలుపు. అనువాదంలో ఇలాంటిది అరుదుగా పడుతుంది. దాన్ని స్థితికి తాకట్టు పెట్టకు.

చింతతోపు: ఈ వచనం మీద మా ఒంగోలు వాళ్లకున్న హక్కు ఎవరూ గుర్తు చేయలేదు! అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఇక్కడికి వచ్చారు. ఆ కొత్తలో పెద్దకులాలవాళ్లు బడి పెట్టించుకుని పిల్లల్ని పంపారు. ఈలోగా తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్ల వెనకే మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు రారన్నారు పెద్దలు. దొర ఒక గదిలో, భార్య హారియట్ వేరే గదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా చేతికందిన గ్రంథం తెరిస్తే ఇద్దరికీ ఇదే చోటు. "గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." బడి పోయింది, మాదిగలు నిలిచారు. ఆ రోజు పిలుపు చెవిన పడలేదండీ, కంట పడింది. అందుకే మా వాళ్లకు "చూడుడి".

పాతబడి పంతులు: కథ బాగుంది, వాదం నిలవదు. ఆ దంపతులు తెరిచింది ఇంగ్లీషు గ్రంథమైతే అందులో "చూడుడి" ఎక్కడిది? "చూస్తున్నారు" కదా ఉండేది. నా పక్షానికే బలం.

చింతతోపు: మీ పక్షానికి కానివ్వండి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్లనడగండి చూశారో విన్నారో. అంతకుముందు కరువు కాలమంతా, బకింగ్‌హాం కాలవ పనిలో మూడున్నర మైళ్లు క్లౌ గుత్తకు తీసుకుని కూలి ఇప్పించారు గానీ బాప్తిస్మం మాత్రం ఆపేశారు. గంజి కోసం మారారన్న మాట పడకూడదని. పిలుపుకీ తిండికీ మధ్య గీత గీసిన మనిషి.

ద్రుతం: ఇది చరిత్ర గుంపు కాదు.

వినుకొండ వాసి: పిలుపు అంటే నాకు కవి జాషువాయే గుర్తొస్తారు. తల్లి మాదిగ, తండ్రి యాదవ, ఇద్దరూ క్రైస్తవులు. ఊళ్లో విందుకు పిలుపు ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో ఆయనకు ఒకరు చెప్పాలా? 1941 నాటి "గబ్బిలం"లో కథ తిరగబడింది చూడండి. అందులోని మాదిగ నాయకుడు అరుంధతీసుతుణ్ణి గుడిలోకి ఎవరూ పిలవరు. అతనే గబ్బిలాన్ని పిలిచి కాశీ విశ్వనాథుడికి మొర పంపుతాడు. పౌలు వచనానికి ఇంతకన్నా వ్యాఖ్యానం అక్కర్లేదు. 1964లో "క్రీస్తు చరిత్ర"కు సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చారు గానీ, నన్నడిగితే క్రీస్తు "గబ్బిలం"లోనే ఎక్కువ కనబడతాడు.

కొండపి కుర్రాడు: "పంజరాన కట్టుపడను నేను" అన్నది కూడా ఆయనే కదా.

ద్రుతం: "గట్టువడను". పంజరానన్ ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట, కనుక కకారానికి సరళం, అంటే గకారం. కట్టు మీద పడు "వడు" అయింది. ఒక్క మాటలో రెండు సంధి కార్యాలు పోగొట్టారు.

వినుకొండ వాసి: పద్యం పాడితే చెవికే తెలుస్తుంది, సూత్రం ఎందుకండీ.

గుండ్లకమ్మ: అంటే మళ్లీ చెవి దగ్గరికే వచ్చాం. మరి నా "వినుడి"?

ద్రుతం: ముద్రణ ఆధారం దొరికేదాకా అది మీ నాయనమ్మగారి పాఠాంతరం. ఇంతకీ ఎవరూ అడగని సంగతి: "చూడుడి"లో డి ముందు అరసున్న ఉండాలి, చూడుఁడి. అదే నిండుసున్నై చూడుండి, ఆపైన మన చూడండి. బైబిలు అచ్చులో ఆ అరసున్న రాలిపోయింది.

పాతబడి పంతులు: రాలిపోయిందా, అసలు పెట్టనే లేదా? దానికి వేరే పోస్టు పెట్టండి, అక్కడ తేల్చుకుందాం.