పాత రాలీ మూడు గేర్ల సైకిల్: హబ్ పోయిందంటున్నారు, విప్పాలా వద్దా?

ట్రెంట్‌ఒడ్డు, నాటింగ్‌హామ్:

అందరికీ నమస్కారం. మా పక్కింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్లాయన సైకిల్ నాకిచ్చారు. ఆయన ఇక్కడి రాలీ ఫ్యాక్టరీలోనే చక్రాలు కట్టే పని చేసి రిటైరయ్యారట. ఆ ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు యూనివర్సిటీవాళ్ల జూబిలీ క్యాంపస్ ఉంది. నేను పనికెళ్లేది ఆ పక్కనుంచే. సైకిల్‌ని షెడ్డులో దాచుకోవాలని లేదు, దీనిమీదే డ్యూటీకి వెళ్లాలని ఉంది.

రాలీ స్పోర్ట్స్, ముదురాకుపచ్చ రంగు, 26 × 1 3/8 టైర్లు. వెనక హబ్ (చక్రం మధ్యలో గేర్లుండే డబ్బా) మీద కంపెనీ పేరు స్టర్మీ-ఆర్చర్, మోడల్ ఏడబ్ల్యూ అని, దాని దగ్గరే 64, 3 అంకెలు గుద్ది ఉన్నాయి. బ్రూక్స్ తోలు సీటు ఎండిపోయింది గానీ చిరగలేదు.

ఇబ్బందులివి. రెండో గేరు నుంచి మూడుకి వేస్తుంటే ఒక్కోసారి పెడల్ గాల్లో తిరిగినట్టు ఒట్టిగా తిరుగుతుంది. మూడులో పడ్డాక కూడా గట్టిగా తొక్కితే జారుతుంది. రెండులో, మూడులో తొక్కుతున్నంతసేపూ టిక్‌టిక్‌మంటుంది, ఒకటిలో చప్పుడే ఉండదు. ఎడమ పెడల్ చుట్టు తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ తగులుతుంది. ఇక వానలో బ్రేకులు లేవనే అనుకోవాలి.

దగ్గర్లో ఒక షాపులో చూపిస్తే, హబ్ పోయింది, చక్రం మొత్తం మార్చాల్సిందే అన్నారు. మావారేమో ఆ డబ్బుకి కొత్త సైకిలే వస్తుందంటున్నారు. నిజంగా హబ్ పోయినట్టేనా? పెయింటు కూడా మళ్లీ వేయించాలా?

తెనాలి సైకిల్‌షాపు, లెస్టర్:

అమ్మా, చక్రం మార్చే మాట పక్కన పెట్టండి. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి హబ్ పోలేదు. ఎండిపోయింది, కేబుల్ సరిగ్గా లేదు. అంతే. మా నాన్నకి తెనాలిలో సైకిల్ షాపు ఉండేది, నేను గోలీలు (బాల్ బేరింగులు) కడుగుతూ పెరిగాను. ఇక్కడికొచ్చాక ఈ ఏడబ్ల్యూ హబ్బులు చాలా బాగుచేశాను. నీళ్లు దూరి లోపలంతా తుప్పు పట్టినవి తప్ప పనికిరాకుండా పోయినవి నేను చూడలేదు.

మీ హబ్ మీద ఉన్నది పుట్టిన తేదీ. 1964 మార్చి. ఈ మోడల్ 1936లో వచ్చింది. నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ 2000లో మూతపడ్డాక తైవాన్ కంపెనీ సన్‌రేస్ ఆ పేరు తీసుకుని మూడు గేర్ల హబ్బులు చేస్తూనే ఉంది. అన్నేళ్లు నడిచిన మోడల్ కాబట్టి స్పేర్లకు కరువు లేదు.

ఆ టిక్‌టిక్ జబ్బు కాదు, ఆరోగ్యం. లోపల ఇరుసుకే చెక్కిన 20 పళ్ల చక్రం ఉంటుంది. దాని చుట్టూ 20 పళ్ల చిన్న చక్రాలు నాలుగు, వాటిని చుట్టి 60 పళ్ల రింగు. రెండో గేర్లో వెనక చైను చక్రం ఎంత తిరిగితే హబ్ అంత తిరుగుతుంది. ఒకటిలో దానికి ముప్పాతిక వంతు, మూడులో మూడో వంతు ఎక్కువ. రెండు, మూడు గేర్లలో హబ్ డొక్క (బయటి డబ్బా), లోపలి చిన్న చక్రాల గూటికంటే వేగంగా తిరుగుతుంది. అప్పుడు ఆ గూటికున్న పాల్స్ (స్ప్రింగు మీద లేచే చిన్న కొక్కేలు) డొక్క లోపలి పళ్ల మీద ఎగిరెగిరి పడతాయి, ఆ చప్పుడే మీరు వినేది. ఒకటిలో ఆ పాల్సే బరువు లాగుతాయి, అందుకే నిశ్శబ్దం. ఒకటో గేరు జారడం లేదన్నారు కాబట్టి ఆ పాల్స్ గట్టిగానే ఉన్నాయి.

ముందు నూనె. హబ్ డొక్క మీద చిన్న మూత ఉంటుంది చూడండి, అది నూనె పోయడానికే. షెడ్డులో ఏళ్ల తరబడి ఉంటే లోపలి పాత నూనె బంకలా గట్టిపడి, క్లచ్‌ని (గేరు మారేందుకు లోపల జరిగే ముక్కని) కదలనివ్వదు. పారఫిన్‌లో (మన కిరసనాయిలే) కాస్త నూనె కలిపి చెంచాడు పోయండి. చక్రం ముందుకీ వెనక్కీ తిప్పుతూ గేర్లు మారుస్తూ ఉండండి. రాత్రంతా వదిలేసి, ఇరుసు దగ్గర్నుంచి కారే నల్లటి మురికి తుడిచేసి, మళ్లీ పోయండి. కారేది తేటపడ్డాక ఎస్‌ఏఈ 20 గానీ 30 గానీ చిక్కదనం ఉన్న మామూలు మెషీన్ నూనె ఒక చెంచా. ఇంట్లో తలుపు బందులకు వేసే పల్చటి నూనె మాత్రం వద్దు. కొన్నాళ్లకు అదే మళ్లీ బంకవుతుంది. ఆ తర్వాత నెలకోసారి నాలుగు చుక్కలు చాలు. రిమ్ము మీదకి నూనె చేరనివ్వకండి, అసలే బ్రేకులు అంతంతమాత్రం అంటున్నారు.

తర్వాత కేబుల్. ఇది జాగ్రత్తగా చదవండి. మూడో గేరంటే కేబుల్ వదులవ్వడం. (అందుకే కేబుల్ తెగిపోయినా బండి మూడో గేర్లో నడుస్తుంది.) కేబుల్ గొట్టంలో తుప్పు పట్టి పూర్తిగా వదలకపోతే క్లచ్ రెండుకీ మూడుకీ మధ్యన ఇరుక్కుని దేన్నీ పట్టుకోదు. మీ పెడల్ ఒట్టిగా తిరిగేది అప్పుడే. పాత కేబుల్ పీకేసి కొత్తది వేయండి. చౌకే. వేశాక రెండో గేర్లో పెట్టండి. కుడివైపు ఇరుసు నట్టుకి పక్కన ఒక కంత ఉంటుంది, దాన్లోంచి చూస్తే కేబుల్ చివరి చిన్న గేరు గొలుసు బిగించిన సన్నటి కడ్డీ కనబడుతుంది. ఆ కడ్డీ భుజం ఇరుసు చివరకి సరిగ్గా సమానంగా రావాలి. రాకపోతే గొలుసు చివర మర తిప్పి సరిచేసి, చిన్న నట్టుతో బిగించండి. ఇది అయ్యేదాకా సీటు మీంచి లేచి నిలబడి తొక్కకండి. గేరు ఒట్టిగా పోయిందంటే ఛాతీ హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, ట్రాఫిక్‌లో అది ప్రాణాంతకం.

ఈ రెండూ చేశాక కూడా మూడు జారితే అప్పుడు విప్పుదాం. క్లచ్ మూలలు అరిగి గుండ్రమై ఉండొచ్చు. విప్పేటప్పుడు ఒక్క మాట: కుడివైపు బాల్ రింగు డొక్కతో కలిసేచోట గీత పెట్టుకోండి. ఆ రింగు మర (త్రెడ్) రెండు చోట్ల మొదలవుతుంది. వేరే మొదలుతో ఎక్కిస్తే సరిగ్గా ఉన్న చక్రం బెండు తిరిగినట్టు కనిపిస్తుంది. బిగించేటప్పుడు కుడి కోను (గోలీల మీద ఆనే శంకువులాంటి నట్టు) వేళ్లతో తగిలేదాకా తిప్పి, అర చుట్టు వెనక్కి తీసి, నట్టు వేసెయ్యాలి. ఆట (చక్రం పక్కకి ఊగడం) సరిచేసేది ఎడమ కోనుతోనే.

ఎడమ పెడల్ దెబ్బ కాటర్ పిన్నుదే (పెడల్ చేతిని ఇరుసుకి బిగించే వాలు మేకుదే) అయ్యుంటుంది. దాన్ని సుత్తితో కొట్టకండి, మరీ ముఖ్యంగా కింద ఆసరా లేకుండా. రెండుమూడు రోజులు తుప్పు వదిలించే నూనె వేస్తూ, ప్రెస్‌తో తీయించండి.

పెయింటు జోలికి వెళ్లొద్దు. ఆ ఆకుపచ్చ, ఆ బంగారు గీతలు, ముందు బ్యాడ్జి మీది కొంగ బొమ్మ మళ్లీ ఎవరూ అలా వేయలేరు. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ. థిన్నర్ తగిలిందా, గీతలు పోయినట్టే. క్రోమ్ మీది తుప్పుకి అల్యూమినియం రేకు నీళ్లలో తడిపి రుద్దండి. సీటుకి ప్రూఫైడ్ (బ్రూక్స్ వాళ్లు తోలుకి రాయమనే మైనం), అడుగువైపు కూడా.

గోదావరిగట్టు, రాజమండ్రి:

తెనాలి అన్న చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటా. మా తాతయ్యది రాడ్ బ్రేకుల రాలీ, 28 × 1 1/2 చక్రాలు, రిమ్ము కొలత 635 మి.మీ. ఇంగ్లండులో ఆ టైర్ల కోసం వెతుక్కుంటున్నామని చాలామంది రాస్తుంటారు. ఇక్కడ ఏ సైకిల్ షాపులోనైనా వేలాడుతూ ఉంటాయి. ఎవరైనా సెలవుల్లో వస్తే పట్టుకెళ్లండి. ముందు 32 పుల్లలు, వెనక 40 పుల్లలు అనే ఇంగ్లీషు లెక్క కూడా మన పెద్ద సైకిళ్లకు అలాగే వచ్చింది. అసన్‌సోల్‌లో సెన్-రాలీ వాళ్లు చేసిన సైకిళ్లు మా వీధిలో ఇంకా తిరుగుతున్నాయి.

అక్కా, మీది మాత్రం 26 అంగుళాలది, కాబట్టి ఈ టైర్లు మీకు పట్టవు. మీకు 590 మి.మీ. కావాలి. టైరు పక్కన ఆ అంకె చూసే కొనండి.

ఎడిసన్_రైడర్, న్యూజెర్సీ:

590 మాట చాలా ముఖ్యం. ఇక్కడ పాత ష్విన్ (అమెరికా కంపెనీ) సైకిళ్ల టైరు మీద కూడా 26 × 1 3/8 అనే ఉంటుంది, కానీ అది 597. ఏడు మిల్లీమీటర్ల తేడాతో రిమ్ముకి కూర్చోదు.

బ్రేకుల సంగతి చెప్తా. క్రోమ్ స్టీలు రిమ్ము తడిస్తే మామూలు రబ్బరు పట్టదు. కూల్‌స్టాప్ వాళ్ల నారింజ ఛాయ ప్యాడ్లు వేస్తే కొంత నయం. రోజూ వానలో తొక్కే పనైతే నా సలహా 40 కంతల అల్యూమినియం రిమ్ముతో, అదే హబ్ పెట్టి చక్రం కట్టించుకోవడం. ఆగడంలో ఎంత తేడానో తొక్కితేగానీ తెలియదు.

ఇంకోటి, కంపెనీ గేర్లు బాగా బరువు. ముందు 48, వెనక 18 పళ్లుంటే రెండో గేరే 69 అంగుళాలు (ముందు పళ్లని వెనక పళ్లతో భాగించి చక్రం 26 అంగుళాలతో గుణిస్తే వచ్చే లెక్క; అంకె పెరిగితే తొక్కడం బరువు). మీ హబ్ పళ్ల చక్రం ఒక స్ప్రింగు రింగుతో ఆగి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో ఊడొస్తుంది. 22 పళ్లది వేస్తే రెండో గేరు 57కి, ఒకటో గేరు 52 నుంచి 43కి దిగుతుంది. చైను కాస్త పొడవు కావాలి. ఎత్తులెక్కడానికి ఇంతకంటే చవకైన మార్పు లేదు.

తెనాలి సైకిల్‌షాపు, లెస్టర్:

22 పళ్ల చక్రానికి నా ఓటు కూడా. రిమ్ముల విషయంలో ఒప్పుకోను తమ్ముడూ. ఈ చక్రాలు కట్టే పనే చేసిన మనిషి సైకిల్ అది. మొదట ప్యాడ్లు మార్చి, కేబుళ్లు కొత్తవి వేసి, బ్రేకు బిగువు సరిచేసి చూడనివ్వండి. అప్పటికీ ఆగకపోతే ముందు చక్రం ఒక్కటి అల్యూమినియంతో కట్టించి, పాతది జాగ్రత్తగా దాచమందాం. ఆగే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే కదా.

ట్రెంట్‌ఒడ్డు, నాటింగ్‌హామ్:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. పారఫిన్ పోస్తే మొదట తారులాంటిది కారింది, చివరికి తేటనూనె వచ్చింది. కొత్త కేబుల్ వేసి కంతలోంచి చూస్తూ సరిచేశాను. మూడో గేరు ఇప్పుడు ఎత్తు మీద కూడా జారడం లేదు! పెద్దావిడకి ఫోన్లో ఆ టిక్‌టిక్ వినిపించాను, చాలా సంతోషించారు. నారింజ ప్యాడ్లు ఆర్డరిచ్చాను. రిమ్ములు మాత్రం మార్చను.

కాటర్ పిన్ను ప్రెస్‌తో తీయించాను. బల్లపరుపు వైపు మధ్యలో నొక్కుకుపోయి ఉంది. కొత్తది ఏ సైజు అడగాలి? పనిలో పనిగా పెడల్ ఇరుసు లోపలి గోలీలు కూడా మార్చనా?

తెనాలి సైకిల్‌షాపు, లెస్టర్:

శభాష్ తల్లీ. రాలీకి 9.5 మి.మీ. పిన్ను అడగండి. 9 మి.మీ.ది కూడా దొరుకుతుంది, అది వదులుగా లోపలికి దిగిపోతుంది, వద్దు. పాత పిన్ను జేబులో పెట్టుకెళ్లి, చెక్కిన వాలు రెండిటికీ ఒకేలా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. రెండువైపులా మార్చండి. ఒకవైపు పిన్ను పైనుంచి దిగితే రెండోవైపుది కింద నుంచి ఎక్కాలి, లేకపోతే రెండు పెడళ్లు ఒక గీతలో ఉండవు.

గోలీలు మార్చండి, పావు అంగుళం సైజు, వైపుకి 11. ఆ గోలీలు కూర్చునే కప్పులు మాత్రం ఎవరెంత చెప్పినా పారెయ్యకండి. రాలీ మర అంగుళానికి 26 చుట్లు, మిగతా ఇంగ్లీషు సైకిళ్లది 24. షాపులో దొరికే మామూలు కప్పు మీ ఫ్రేములోకి ఎక్కదు, బలవంతం చేస్తే ఫ్రేము మరే పోతుంది.

కొత్త పిన్నుని ప్రెస్‌తోనే లోపలికి నొక్కించండి. నట్టు బిగించి లాగితే మర తెగుతుంది, నట్టు పని పిన్ను ఊడకుండా ఆపడమే. ఒకటి రెండు రోజులు తొక్కాక మళ్లీ ఒకసారి ప్రెస్ వేయించి నట్టు చూసుకోండి, కొత్త పిన్ను కాస్త సర్దుకుంటుంది.